ఎనిమిదిని రెండు అని చదివిన రోజు: చాంగ్‌షాలో ఒక ఫిజిక్స్ క్లాస్ కేస్ స్టడీ

ఈ కేసు ఒకే ఒక్క సెక్షన్‌ది. 2018 సెప్టెంబర్ నుంచి 2020 జూన్ దాకా చైనాలో నేను ఫిజిక్స్ చెప్పిన సెక్షన్. ఊరు చాంగ్‌షా, హునాన్ ప్రావిన్స్ రాజధాని. అక్కడి ఒక హైస్కూల్లో, విదేశాల్లో డిగ్రీ చదవాలనుకునే పిల్లల కోసం వేరుగా నడిపే విభాగం ఉంది. ఈ పిల్లలు గావ్‌ఖావ్ రాయరు. గావ్‌ఖావ్ అంటే ఏటా జూన్‌లో చైనా అంతటా జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష. దానికి బదులు కేంబ్రిడ్జ్ అనే బ్రిటిష్ పరీక్షల బోర్డు సిలబస్‌ను ఇంగ్లిష్‌లో చదువుతారు. నా క్లాసులో 26 మంది, పదిహేను పదహారేళ్ళ వాళ్ళు. అంతకుముందు పదకొండేళ్ళు నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. స్కూల్ పేరు రాయడం లేదు.

మన దగ్గర్నుంచి గల్ఫ్‌కీ, మాల్దీవులకీ, ఆఫ్రికా దేశాలకీ ఏటా టీచర్లు వెళ్తున్నారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. సమస్య చెప్పడానికి చాలా చిన్నది: నేను ప్రశ్న అడిగితే క్లాసులో ఎవరూ నోరు విప్పరు. అది పిల్లల సమస్య అని నేను ఆరు వారాలు అనుకున్నాను.

వెళ్ళిన కొత్తలో

చైనాలో ఇంగ్లిష్ భాష చెప్పే ఉద్యోగాలకు మామూలుగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్ట్ అడుగుతారు. సబ్జెక్ట్ టీచర్లకు ఆ పట్టింపు తక్కువ. డిగ్రీ, కనీసం రెండేళ్ళ అనుభవం, పోలీస్ క్లియరెన్స్ ఉండాలి. డిగ్రీ సర్టిఫికెట్ మీద ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత మన విదేశాంగ శాఖ, చివరికి చైనా ఎంబసీ ముద్రలు పడేసరికి రెండు నెలలు పట్టింది. అక్కడ దిగిన 24 గంటల్లో పోలీస్ స్టేషన్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, మెడికల్ చేయించుకోవాలి, 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇదంతా కాగితాల పని. టైముకు చేసుకుంటే అయిపోతుంది, దాని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు.

తిండి గురించి ఇంటి దగ్గర అందరూ బెంగపడ్డారు. హునాన్‌లో ఆ బెంగ అక్కర్లేదు. అక్కడ మిరపకాయ లేని కూర అరుదు. దువోజ్యావ్ అని, పండుమిర్చిని కచ్చాపచ్చాగా తరిగి ఉప్పేసి జాడీలో ఊరబెడతారు. మొదటిసారి క్యాంటీన్లో అన్నం మీద అది వేసుకుని తిన్నప్పుడు, చింతపండు పడితే మా గుంటూరు పండుమిర్చి పచ్చడే కదా అనిపించింది. పొద్దున టిఫిన్‌కి బియ్యప్పిండి సేమ్యా లాంటి మీఫెన్, వేడి వేడి చారులో. కడుపు నిండితే పరాయి ఊరు సగం సొంత ఊరవుతుంది.

స్కూల్ రోజు పొడవైనది. ఏడున్నరకే పిల్లలు క్లాసులో కూర్చుని పాఠం బిగ్గరగా చదువుతారు. రెండో పీరియడ్ తర్వాత స్పీకర్లో సంగీతం పెట్టి గ్రౌండ్‌లో అందరితో వ్యాయామం చేయిస్తారు, 1951లో దేశమంతటా మొదలైన అలవాటు అది. పన్నెండు నుంచి రెండు దాకా భోజనం, నిద్ర. మధ్యాహ్నం మళ్ళీ స్పీకర్ మోగుతుంది, ఈసారి కళ్ళ వ్యాయామం: కళ్ళు మూసుకుని కనుబొమల దగ్గర, ముక్కు పక్కన వేళ్ళతో నొక్కుకుంటారు. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్. మన కార్పొరేట్ కాలేజీల స్టడీ అవర్లు ఏళ్ళ తరబడి చూసిన నాకు ఇందులో వింత ఏమీ కనబడలేదు. ఈ పిల్లలు నాకు తెలిసిన పిల్లలే అనుకున్నాను. నా మొదటి పొరపాటు అదే.

మొదటి ఆరు వారాలు

ఏడున్నరకి కారిడార్‌లో నడుస్తుంటే ఆ 26 మంది గొంతులూ వినబడేవి. గోడలు అదిరేలా చదివేవాళ్ళు. తొమ్మిదింటికి నేను లోపలికి వెళ్ళి ఒక ప్రశ్న అడిగితే సూది పడినా వినబడే నిశ్శబ్దం. మొదటి మూడు వారాల్లో తమంతట తాము లేచి జవాబు చెప్పిన వాళ్ళు ముగ్గురు. ఎప్పుడడిగినా ఆ ముగ్గురే.

రాత పరీక్ష పెడితే ఇంకో బొమ్మ కనబడింది. లెక్కలన్నీ చకచకా చేసేశారు. చైనాలో ఎనిమిదో తరగతిలోనే ఫిజిక్స్ వేరే సబ్జెక్ట్‌గా మొదలవుతుంది, కాబట్టి సాంద్రత, పీడనం, ఓమ్ నియమం వాళ్ళకు పాత చుట్టాలు. కానీ 'ఎందుకో వివరించండి' అన్న ప్రశ్న దగ్గర తెల్ల కాగితం. కొందరైతే ప్రశ్ననే మళ్ళీ అందంగా ఎత్తి రాశారు.

పాఠం చివర "అర్థమైందా?" అని అడిగేదాన్ని. "తుంగ్ ల" అని ఒక్క గొంతుతో వచ్చేది. అర్థమైంది అని. హైదరాబాద్‌లో "అర్థమైంది మేడమ్" అని సెక్షన్ మొత్తం అరిస్తే అందులో ఎంత నిజం, ఎంత మర్యాద అన్నది నాకు గొంతును బట్టే తెలిసిపోయేది. ఇక్కడ ఆ గొంతు నాకు తెలియదు. ఒకసారి అనుమానం వచ్చి ఇంగ్లిష్‌లో "మీకు అర్థం కాలేదు కదూ?" అన్నట్టు అడిగాను. "యెస్" అన్నారు. అర్థమైందని చెబుతున్నారనుకుని ముందుకు వెళ్ళిపోయాను. ఆ రాత్రి పడుకోబోతుంటే తట్టింది. చైనీస్‌లో 'అర్థం కాలేదా?' అని అడిగితే 'అవును, అర్థం కాలేదు' అనే చెబుతారు. తెలుగులోనూ అంతేగా! "అర్థం కాలేదా?" అంటే మన పిల్లలూ "అవును మేడమ్, కాలేదు" అనే అంటారు. వాళ్ళు వాళ్ళ భాషలో నిజమే చెప్పారు. నేను మాత్రం ఇంగ్లిష్ వాళ్ళలాగా విన్నాను.

ఈ లోపల నేను చేసిన రెండు ప్రయత్నాలు దెబ్బతిన్నాయి.

మొదటిది డౌట్స్ క్లాస్. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా స్టాఫ్ రూమ్‌లో ఉంటాను, ఎవరైనా రావచ్చు అని బోర్డు మీద రాశాను. హైదరాబాద్‌లో అయితే ఆ టైముకు నా టేబుల్ చుట్టూ గుంపు ఉండేది. ఇక్కడ వారం రోజులు ఒక్కరూ రాలేదు. ఐదో రోజు నేనే క్లాస్‌కి వెళ్ళి చూశాను. కర్టెన్లు వేసి ఉన్నాయి, లైట్లు ఆర్పి ఉన్నాయి, పిల్లలందరూ డెస్కుల మీద చిన్న దిండ్లు పెట్టుకుని నిద్రపోతున్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చోవాల్సిన పిల్లలకు ఆ నిద్ర అన్నంతో సమానం. నేను వాళ్ళ నిద్ర టైమును నా డౌట్స్‌కి అడిగాను.

రెండోది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. సెప్టెంబర్ 29, 30 తేదీలు శని, ఆదివారాలు. అయినా స్కూల్ ఉంది, ఎందుకంటే అక్టోబర్ 1 నుంచి 7 దాకా వచ్చే జాతీయ దినోత్సవ సెలవులకు బదులుగా ముందు వారాంతంలో పని చేయించుకుంటారు. ఆ ఆదివారం పిల్లలూ నేనూ అలిసిపోయి ఉన్నాం. ఎవరూ చెప్పడం లేదని విసుగొచ్చి, లిస్టు చూసి వరుసగా పేర్లు పిలవడం మొదలుపెట్టాను. మూడో పేరు కిటికీ పక్కన కూర్చునే ఒక అబ్బాయిది. లేచి నిలబడ్డాడు. చైనాలో జవాబు చెప్పాలంటే నిలబడాలి. నేను ఎదురు చూశాను. మనం ఓపిక పడితే చెబుతాడు అనుకున్నాను. వాడి చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. చేతిలో పెన్ను మూత తీసి పెట్టడం, తీసి పెట్టడం. క్లాసులో మిగతా 25 మందీ తలలు వంచుకున్నారు. ఒక నిమిషం దాటాక "కూర్చో నాన్నా" అన్నాను, తెలుగులోనే వచ్చేసింది. ఆ రోజు తర్వాత వాడు నా వైపు చూడటం మానేశాడు.

ఎనిమిది

అక్టోబర్ మధ్యలో ఓమ్ నియమం చెబుతున్నాను. నోటితో చెప్పకపోతే పోనీ, చేత్తో చెప్పమందాం అనుకున్నాను. 4 ఓముల నిరోధం, 2 ఆంపియర్ల కరెంట్, వోల్టేజ్ ఎంత? "మాట్లాడక్కర్లేదు, వేళ్ళతో చూపించండి" అన్నాను. అందరూ చేతులెత్తారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చూస్తే దాదాపు అందరివీ రెండేసి వేళ్ళు: బొటనవేలు, చూపుడువేలు.

రెండు. అంటే నాలుగును రెండుతో భాగించారన్నమాట. గుణించాల్సిన చోట భాగించడం పిల్లలు చేసే తప్పే, నేను వందసార్లు చూశాను. అందుకే ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. బోర్డు తుడిచి మొదటి నుంచి చెప్పాను. నీళ్ళ పైపు పోలిక చెప్పాను, సర్క్యూట్ బొమ్మ గీశాను, ఫార్ములా మూడు రకాలుగా తిప్పి రాశాను. పన్నెండు నిమిషాలు పట్టింది. చివరికి జవాబు 8 వోల్టులు అని గీత గీశాను. "అర్థమైందా?" "తుంగ్ ల." ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇప్పటికీ నా దగ్గరుంది: 'ఓమ్ నియమం చాలా బలహీనం. రేపు ఇంకో పీరియడ్ ఇవ్వాలి.'

సాయంత్రం స్కూల్ గేటు బయట కూరగాయల మార్కెట్‌కి వెళ్ళాను. పొడుగు వంకాయలు, ఒక ఆకుకూర కట్ట తీసుకున్నాను. ఎంత అని అడిగితే అమ్మే ఆవిడ "బా క్వాయ్" అంటూ చెయ్యెత్తింది: బొటనవేలు, చూపుడువేలు. ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి 2 యువాన్లు కొట్టాను. ఆవిడ ఫోన్ వచ్చిన మొత్తాన్ని పైకి చదివింది. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ అవే రెండు వేళ్ళు చూపించింది. నేనూ రెండు వేళ్ళు చూపించాను, మన పద్ధతిలో, చూపుడువేలు, మధ్యవేలు. ఆవిడ నవ్వి, క్యాలిక్యులేటర్ తీసి నొక్కి నా వైపు తిప్పింది. 8.

చైనాలో ఒకటి నుంచి పది దాకా ఒంటిచేత్తోనే చూపిస్తారు. ఆరుకు బొటనవేలు, చిటికెనవేలు. ఎనిమిదికి బొటనవేలు, చూపుడువేలు. మార్కెట్‌లో, బస్సులో, రోడ్డు మీద ఎక్కడ చూసినా ఇదే. నేను అక్కడికి వెళ్ళి నెలన్నర దాటినా నేర్చుకోలేదు. వంకాయల కవర్ పట్టుకుని ఆ బండి పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. క్లాసులో అంతమందీ పొద్దున ఎనిమిదే చూపించారు. అందరూ కరెక్ట్. నేను పన్నెండు నిమిషాలు వాళ్ళకు వచ్చిన పాఠాన్నే రాదన్నట్టు చెప్పాను. ఒక్కరు కూడా 'టీచర్, మేం చెప్పింది అదే' అనలేదు.

ఏం జరుగుతోందో తెలుసుకోవడం

మర్నాడు క్లాసులోకి వెళ్ళగానే ఎడమ చేయి ఎత్తి బొటనవేలు, చూపుడువేలు చూపించాను. "ఇది ఎనిమిది. నిన్న మీరందరూ కరెక్ట్, నేనే తప్పు. సారీ" అన్నాను. ఒక్క సెకను నిశ్శబ్దం, తర్వాత క్లాసంతా నవ్వింది. ఆ గదిలో నేను విన్న మొదటి నవ్వు అది. "మరి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. మళ్ళీ నిశ్శబ్దం.

జవాబు సాయంత్రం వచ్చింది. అక్కడ ప్రతి సబ్జెక్ట్‌కీ ఒక లీడర్ ఉంటారు, ఖ దైబ్యావ్ అంటారు. హోంవర్క్ పోగుచేయడం, టీచర్‌కీ క్లాస్‌కీ మధ్య కబురు మోయడం వాళ్ళ పని. ఫిజిక్స్ లీడర్ ఒక అమ్మాయి. నోట్‌బుక్కుల కట్ట నా టేబుల్ మీద పెట్టి, దాని మీద మడిచిన కాగితం ఒకటి పెట్టి వెళ్ళిపోయింది. ఇంగ్లిష్‌లో రాసి ఉంది: మా జవాబు తప్పు కాదని తెలుసు, కానీ మేం రాసే పద్ధతి తప్పేమో, ఇంగ్లిష్ ఫిజిక్స్‌లో ఇంకా ఎక్కువ స్టెప్స్ ఉంటాయేమో అనుకున్నాం. నోట్‌బుక్కులు తెరిచి చూశాను. చాలామంది తమ రెండు లైన్ల లెక్కను స్కేలు పెట్టి నీటుగా కొట్టేసి, కింద నా పద్నాలుగు లైన్లూ ఎక్కించుకున్నారు. కొట్టేసిన ప్రతి లెక్కా కరెక్టే. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంటే గుండె బరువెక్కింది.

ఆ వారమే క్లాస్ టీచర్‌తో కూర్చున్నాను. బాన్ జూరెన్ అంటారు. మన క్లాస్ టీచర్ అటెండెన్స్ తీసుకుని వెళ్ళిపోతారు గానీ, అక్కడ ఆ మనిషి ఆ పిల్లలకు ఇంటి పెద్ద లాంటివారు. ఎవరు తిన్నారు, ఎవరికి జ్వరం, ఎవరింట్లో గొడవలు, అన్నీ ఆయనకే తెలుసు. విదేశీ టీచర్లు ఆయన్ని పట్టించుకోకుండా పాఠం చెప్పి వెళ్ళిపోవడం మామూలు. నేనూ అదే చేశాను. ఆయనకు ఇంగ్లిష్ రాదు, నాకు చైనీస్ రాదు, ఫోన్‌లో వీచాట్ (మన వాట్సాప్ లాంటి చైనా యాప్) అనువాదంతో గంటసేపు మాట్లాడుకున్నాం. ఆయన చెప్పిన దాని సారం ఇది: ఈ పిల్లలకు జవాబు చెప్పడం అంటే నలుగురి ముందు నిలబడటం. తప్పు చెబితే అందరి టైమూ వృథా చేశామని బాధ. కరెక్ట్ చెబితే తను గొప్ప అని చూపించుకుంటున్నాడని తోటివాళ్ళు అనుకుంటారేమోనని భయం. ఎటు చూసినా నోరు మూసుకోవడమే మంచిది. పైగా తెలిసిన ఫిజిక్స్‌ను తెలియని మాటల్లో చెప్పాలి. చివర్లో ఆయన ఆ కిటికీ అబ్బాయి సంగతి తీశారు. ఆ ఆదివారం రాత్రి వాడు స్టడీ అవర్‌కి రాకుండా బాత్రూమ్‌లో ఉండిపోయాడట. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

భాష సంగతి నాకు ఇంకో చోట బోధపడింది. ఒక అమ్మాయి మూడింట రెండు వంతులు అనే భిన్నాన్ని ఇంగ్లిష్‌లో చదవబోయి "త్రీ" అని ఆగిపోయింది. చైనీస్‌లో దాన్ని సాన్ ఫెన్ జ అర్ అంటారు: మూడు భాగాల్లో రెండు. కింది అంకె ముందు, పై అంకె తర్వాత. మనం 'మూడింట రెండు' అనేదీ సరిగ్గా ఆ వరసలోనే. ఇంగ్లిష్‌లో ఆ వరస తిరగబడుతుంది. ఆ అమ్మాయికి భిన్నం రాక కాదు, నోరు తిప్పుకోవడానికి రెండు సెకన్లు కావాలి. పెద్ద అంకెలూ అంతే. మనకు లక్ష, కోటి ఉన్నట్టు వాళ్ళకు పదివేలకు వాన్, పది కోట్లకు యి అని విడి మాటలున్నాయి. సెకనుకు ముప్పై కోట్ల మీటర్ల కాంతి వేగం వాళ్ళ భాషలో చక్కగా 'మూడు యి'. దాన్ని మిలియన్లలోకి మార్చి చెప్పమంటే తడుముకుంటారు. ఆ తడుముకోవడం నాకు బాగా తెలుసు, ఊళ్ళో తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో పడ్డ మనిషిని నేను. అది ఇన్నాళ్ళూ ఎందుకు గుర్తు రాలేదో నాకే ఆశ్చర్యం.

మార్చినవి

వేళ్ళ అంకెలు నేర్చుకున్నాను. ఒక పూట పని అది.

"అర్థమైందా?" అని అడగడం పూర్తిగా మానేశాను. దాని బదులు, పాఠం మధ్యలో రెండుసార్లు ఆపి, నోట్‌బుక్‌లో ఎక్కడ ఆగిపోయారో ఆ లైన్ పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టమన్నాను. ఆగకపోతే పెట్టక్కర్లేదు. నేను బెంచీల మధ్య నడుస్తూ చుక్కలు చూసుకునేదాన్ని. ఎవరి పేరూ ఎత్తను. ఎక్కువ చుక్కలు ఏ లైన్ దగ్గరుంటే బోర్డు మీద ఆ లైన్ దగ్గరికి వెళ్ళి, నేనే సరిగా చెప్పలేదన్నట్టు ఇంకోసారి చెప్పేదాన్ని. చాలాసార్లు నిజంగానే నేను సరిగా చెప్పి ఉండను. నేను చేసిన మార్పుల్లో దేన్నైనా ఒక్కదాన్నే తీసుకోమంటే ఈ చుక్కనే తీసుకోమంటాను. ఖర్చు లేదు, భాష అక్కర్లేదు, నలుగురి ముందు లేవక్కర్లేదు.

తెల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మార్కర్ పెన్ను ఇచ్చి, తలా ఒక పలక చేయించాను. జవాబు రాసి అందరూ ఒకేసారి ఎత్తాలి. అప్పుడు వేళ్ళ గొడవ ఉండదు, నేను తప్పు చదివే అవకాశమూ తక్కువ.

అన్నిటికంటే కష్టపడింది భాష దగ్గర. విభాగం రూలు ప్రకారం క్లాసులో ఇంగ్లిషే మాట్లాడాలి. నేను ప్రశ్న అడిగాక రెండు నిమిషాలు పక్కవాళ్ళతో చైనీస్‌లో మాట్లాడుకోనివ్వాలని అడిగాను. కోఆర్డినేటర్ ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు డబ్బు కడుతున్నది ఇంగ్లిష్ వాతావరణం కోసం అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. భారతదేశం నుంచి వచ్చిన టీచర్ యాస పిల్లలకు అలవాటవుతుందా అని మొదటి నెలలోనే పేరెంట్స్ గ్రూపులో ఒకరిద్దరు అడిగారు, కాబట్టి నా పరిస్థితి అంత గట్టిగా వాదించేలా లేదు. చివరికి, అక్కడి నిశ్శబ్దాన్ని కూర్చుని ఒక్క పీరియడ్ చూడమని బతిమాలాను. చూశారు. ఒక నెలకు ఒప్పుకున్నారు.

ఆ రెండు నిమిషాలు గదిలో జరిగినది మాటల్లో చెప్పలేను. పొద్దున చదివే గొంతులు అవే, మళ్ళీ వచ్చాయి. చేతులు తిప్పుతూ వాదించుకునేవాళ్ళు, ఒకరి పలక మీద ఒకరు దిద్దుకునేవాళ్ళు. తర్వాత జంటలో ఒకరు ఇంగ్లిష్‌లో చెప్పాలి, అదీ 'నేను' అని కాదు, 'మేం ఇలా అనుకుంటున్నాం' అని. తప్పయితే ఇద్దరి తప్పు, కరెక్టయితే ఇద్దరిదీ. 'ఎందుకో వివరించండి' ప్రశ్నలకు మొదటి నెల వాక్యం ఎత్తుగడ నేనే బోర్డు మీద రాసి ఇచ్చాను: ఫలానాది పెరిగింది కాబట్టి, అందువల్ల అంటూ. ఖాళీలు వాళ్ళు నింపాలి.

డౌట్స్ టైమును రాత్రి స్టడీ అవర్‌కి ముందున్న ఇరవై నిమిషాలకు మార్చాను. మొదటి రోజు లీడర్ ఒక్కతే వచ్చింది. రెండో వారానికి నలుగురైదుగురు. డిసెంబర్‌లో చలి మొదలైంది. చాంగ్‌షా చలి గురించి ఒక్క మాట: ఉత్తర చైనాలో ఉన్నట్టు ఇళ్ళకు ప్రభుత్వం వేడి సరఫరా చేసే ఏర్పాటు అక్కడ లేదు, చలి తడితడిగా ఎముకల్లోకి దిగుతుంది. గాలి ఆడాలని కిటికీలు తెరిచే ఉంచుతారు. పిల్లలు యూనిఫాం మీద దళసరి కోట్లు వేసుకుని, వేడి నీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు బిగుసుకుపోతుంటే నోటితో ఊదుకుంటూ పలకల మీద రాసేవాళ్ళు. ఒక రాత్రి నా చేతులు వణకడం చూసి ఒక అమ్మాయి తన ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుంది. నేను అక్కడ ఒంటరిగా ఉన్నానని ఆ తర్వాత మళ్ళీ అనిపించలేదు.

ఎంత మారింది, ఎంత మారలేదు

2019 జనవరిలో సెమిస్టర్ అయిపోయేనాటికి సొంతంగా లేచి చెప్పేవాళ్ళు ముగ్గురి నుంచి తొమ్మిది మందికి పెరిగారు. పలక మీద అయితే అందరూ రాసేవాళ్ళు. వివరించే ప్రశ్నలకు తెల్ల కాగితం ఇవ్వడం ఆగిపోయింది. మార్కులు మాత్రం అంతగా పెరగలేదు. కారణం రాస్తారు కానీ దాని నుంచి ఫలితానికి వెళ్ళే మధ్య మెట్టు వదిలేస్తారు. దానికి ఇంకో ఏడాది పట్టింది. ఇది ఒకే క్లాసు, ఒకే టీచర్. కాలం గడిచేకొద్దీ పిల్లలకు నేను అలవాటు కావడం వల్ల ఎంత, పద్ధతి వల్ల ఎంత అన్నది విడదీయడానికి నా దగ్గర కొలత లేదు.

నేను వెంటనే చేయాల్సింది, ఆలస్యంగా చేసింది ఒకటుంది. క్లాస్ టీచర్ ద్వారా ఆ కిటికీ అబ్బాయికి క్షమాపణ చెప్పాను. నలుగురి ముందు చెప్పొద్దని, అది వాడికి ఇంకో శిక్ష అవుతుందని ఆయనే అన్నారు. చిన్న కాగితం మీద రాసిచ్చాను. వాడు ఏమీ అనలేదు. తర్వాతి వారం నోట్‌బుక్ చూస్తే మొదటిసారి ఒక చుక్క ఉంది, కనబడీ కనబడనంత లేతగా. మిగతా ఏడాదంతా వాడు నా క్లాసులో ఒక్క మాట కూడా పైకి చెప్పలేదు. నేనూ పేరు పిలవలేదు.

2020 జనవరిలో చైనీస్ కొత్త సంవత్సరం సెలవులకు హైదరాబాద్ వచ్చాను. జనవరి 25న వాళ్ళ పండగ. ఆ తర్వాత సంగతి అందరికీ తెలుసు. మార్చి 28 నుంచి రెసిడెన్స్ పర్మిట్ ఉన్న విదేశీయుల్ని కూడా చైనా రానివ్వలేదు. క్లాసులు స్క్రీన్ మీదికి వచ్చాయి. చైనా టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి వాళ్ళ ఎనిమిది గంటల క్లాసుకి నేను తెల్లవారుజామున ఐదున్నరకి వంటగదిలో లైటు వేసుకుని కూర్చునేదాన్ని. అక్కడ నేను ఊహించనిది ఒకటి చూశాను. టైప్ చేసే అవకాశం దొరికేసరికి ఎప్పుడూ లేవని పిల్లలు ముందు జవాబులు పంపడం మొదలుపెట్టారు. కిటికీ అబ్బాయి జవాబు చాలాసార్లు మొదటిది. వాడికి రాక కాదు, ఇష్టం లేక కాదు, నిలబడటమే అడ్డు అన్న క్లాస్ టీచర్ మాట నా కళ్ళ ముందే రుజువైంది.

ఆ ఏడాది మే, జూన్ పరీక్షల్ని కేంబ్రిడ్జ్ రద్దు చేసింది. టీచర్ల దగ్గరున్న ఆధారాల్ని బట్టి స్కూళ్ళే గ్రేడ్ అంచనా వేసి పంపాలన్నారు. ప్రతి పిల్లాడికీ నా దగ్గరేముందో వెతుక్కున్నాను. నోటితో ఒక్క జవాబూ చెప్పని ఆ అబ్బాయి విషయంలో అందరికంటే ఎక్కువ ఆధారం దొరికింది: రెండేళ్ళ నోట్‌బుక్ పేజీల ఫొటోలు, లైన్ల పక్కన చుక్కలు. మొదట ప్రతి పేజీలో నాలుగైదు, తర్వాత రెండు, తర్వాత కష్టమైన చోట మాత్రమే. వాడి గ్రేడ్ రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా ఉంది. క్లాస్ గ్రూపు దాంట్లోనే ఉండేది. అంతకు కొన్ని రోజుల ముందు వాడు పంపిన చివరి హోంవర్క్ ఫొటో నా లాప్‌టాప్‌లో ఉంది. పైకి విసిరిన బంతి లెక్క, నేను బోర్డు మీద చేసి చూపించిందే వాడు ఎక్కించుకున్నాడు. నాలుగో లైన్ పక్కన చుక్క పెట్టి, దాని పక్కన ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో రాశాడు: "టీచర్, మూడో లైన్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు మీరు మైనస్ వదిలేశారు."

నా నోట్సు తీసి చూశాను. నిజంగానే వదిలేశాను.